చుట్టకుదురు నుండి శిరస్త్రాణం దాకా

నెల్లూరు సముద్రతీరపు జీవితంలో తలకున్నంత చాకిరి మరే అవయవానికీ ఉన్నట్లు తోచదు. చేపల గంప, నీళ్ల బిందె, వరిమోపు, సరుగుడు కట్టెల మోపు, ఉప్పు బస్తా, ఇవన్నీ తరతరాలుగా మనుష్యుల తలల మీదనే ప్రయాణం చేసినవి. సముద్రపు ఒడ్డు నుండి సంత దాకా చేపల గంప మోసిన స్త్రీ మెడ తిప్పి చూడదు. ఎవరైనా వెనుక నుండి పిలిస్తే మనిషి మనిషే తిరుగుతుంది. మెడ మీద బరువున్నప్పుడు దానిని ఒంటరిగా త్రిప్పకూడదన్న జ్ఞానం ఆమెకు ఏ వైద్యుడూ చెప్పినది కాదు.

ఆ గంప అడుగున ఒక చిన్న వస్తువు ఉండేది. పాతగుడ్డను గాని, ఎండుగడ్డిని గాని మెలిపెట్టి చుట్టగా చుట్టి నడినెత్తిన పెట్టుకొనే చుట్టకుదురు. దాని పని రెండు విధాలు. గంప అడుగు ఒక్కచోటనే నొక్కకుండా బరువును చుట్టూ పంచుతుంది. అడుగు తడబడినప్పుడు కలిగే కుదుపులో కొంత తానే మింగి మిగిలినదానినే మెడకు పోనిస్తుంది. శిరస్త్రాణ చరిత్ర చెప్పబోయి చుట్టకుదురు ఎత్తుకొనడమేమని శ్రోతలు అడుగవచ్చును. ఈనాటి మోటారు సైకిలు హెల్మెట్టులో మనిషిని కాపాడే భాగం పైకి నిగనిగలాడుతూ కనిపించే చిప్ప ఒక్కటే కాదు. దాని లోపల కంటికి ఆనని మెత్తన కూడ ఉన్నది. ఆ మెత్తన విలువ పడమటి దేశాలవారికి పూర్తిగా బోధపడడానికి రెండవ ప్రపంచయుద్ధం దాకా పట్టినది.

శిరస్త్రాణమంటే తలను కాచునది. మన పాత తెలుగులో దీనికి బొమిడికమని మరొక చక్కని మాట ఉన్నది. జోడు తొడిగి, బొమిడికం పెట్టి యుద్ధానికి పోవడం మధ్యయుగపు వీరులకు ఎక్కడైనా సహజమే. పదమూడవ శతాబ్దంలో మనుమసిద్ధి నెల్లూరును ఏలిన కాలాన, పుల్లరి తగవు మీద కాటమరాజుతో పోరాడిన ఖడ్గ తిక్కన కథ ఈ జిల్లాలో ఎరుగనివారు లేరు. వెన్నిచ్చి ఇంటికి వచ్చినాడని తల్లీ భార్యా అతనిని ఎత్తిపొడిచినట్లు చెప్పుకొంటారు. ఆ కథ చెప్పేవారెవ్వరూ అతడు తలకు కాపు పెట్టుకొన్నందుకు ఎగతాళి చేసినారని చెప్పరు. తలకు కాపు పెట్టుకొనడం పిరికితనమన్న భావం ఆ కాలపుది కాదు. అది మోటారు యుగంలో పుట్టినది.

తుపాకి మందు వచ్చిన తరువాత ఇనుప టోపీలు క్రమంగా మూలబడినవి. గుండును ఆపలేని బరువును ఎవరు మోస్తారు? 1914లో మొదటి ప్రపంచయుద్ధానికి బయలుదేరిన సైన్యాలలో ఎక్కువ భాగం గుడ్డ టోపీలతోనో తోలు టోపీలతోనో కదలినవి. ఆకాశం నుండి కురిసే ఇనుప తునకలకు తలలు పగిలిన తరువాతనే 1915లో ఫ్రెంచివారు, వారి వెనుక ఆంగ్లేయులు ఉక్కు శిరస్త్రాణాలను తిరిగి తెచ్చినారు.

అదే కాలంలో, యుద్ధానికి సంబంధం లేని మరొక చోట మరొక ప్రయత్నం జరిగినది. ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ అనే పందెపు బాట ఉండేది. అక్కడి వైద్యాధికారి ఎరిక్ గార్డ్‌నర్, మోటారు సైకిళ్ల మీద నుండి పడి తల గాయాలతో తన వద్దకు వచ్చే పందెగాండ్రను చూచి చూచి, కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి గట్టి టోపీలు చేయించినాడు. పందెపు సంఘంవారు మొదట ఒప్పుకొనలేదు. తరువాత మనసు మార్చుకొని, 1914లో మాన్ ద్వీపపు పందేలలో వాటిని తప్పనిసరి చేసినారు. ఆ టోపీ పందెగాండ్రదిగానే నిలిచిపోయినది. బజారున పోయే సామాన్యుడికి దాని అవసరం ఉన్నదని ఎవరికీ తోచలేదు.

ఆ సమయంలో మన తీరాన వేగమన్నది ఎంత? మద్రాసుకూ ఈ ప్రాంతానికీ నడిచిన రాకపోకలలో పెద్దభాగం బకింగ్‌హామ్ కాలువ మీదుగా సాగేది. 1806లో మద్రాసు వద్ద చిన్న కాలువగా మొదలై, 1876-78 కరువు కాలంలో కరువుపనుల క్రింద పెంపొంది, అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టుకొన్న కాలువ అది. శ్రీహరికోట కట్టెలు, నెల్లూరు బియ్యం, ఉప్పు పడవలలో మద్రాసు చేరేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే ఒడ్డున నడుస్తూ మోకు లాగే మనిషి. మోకు లాగే మనిషి నడక ఎంతో పడవ నడక అంత. 1899 నాటికి రైలు వచ్చినది గాని, రైలులో కూర్చున్నవాడి తలకు కప్పు ఉన్నది. తలను గాలికి వదలి, మనిషి నడకకు పదిరెట్ల వేగంతో దానిని ముందుకు విసరే వాహనం ఈ తీరానికి చాల ఆలస్యంగా వచ్చినది.

1935 మే 13వ తేదీన ఇంగ్లండులోని డోర్సెట్ మండలంలో ఒక పల్లె బాట మీద టి. ఇ. లారెన్సు తన మోటారు సైకిలు మీద వస్తున్నాడు. అరేబియా లారెన్సుగా లోకమంతా ఎరిగిన ఆ మనిషి కొంతకాలం కరాచీలో, మీరంషాలో మారుపేరుతో వైమానిక దళంలో సామాన్య భటుడుగా పనిచేసినవాడు కూడ. ఎదుట సైకిళ్ల మీద ఇద్దరు పిల్లలు కనబడగా వారిని తప్పించబోయి పడిపోయినాడు. తల మీద ఏమీ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండ ఉండి 19వ తేదీన మరణించినాడు. ఎడారి యుద్ధాలలో చావనివాడు తన ఇంటికి సమీపాన, తాను బాగా ఎరిగిన బాట మీద పడి పోయినాడు.

ఆయనను చూడడానికి పిలిపించిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకరు. ఆస్ట్రేలియాలో పోర్ట్ పిరీ అనే ఊరిలో పుట్టి, అమెరికాలో హార్వీ కుషింగు వద్ద మెదడు శస్త్రవైద్యం అభ్యసించి, తరువాత ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడైన మనిషి. యుద్ధం వచ్చిన తరువాత సైనికుల తలగాయాల వైద్యం ఆయన చేతికి వచ్చినది. ఆ రోజులలో నిస్తంత్రి సాధనాలు చేరని చోటులకు ఉత్తరువులు మోసుకొని పోయే పని మోటారు సైకిలు వార్తాహరులది. యుద్ధకాలపు చీకటి రాత్రులలో, దీపాలు ఆర్పిన బాటలలో, వారు శత్రువు గుండుకంటె రాతికీ చెట్టుకూ తగిలి ఎక్కువగా చచ్చిపోతున్నారని కెయిర్న్స్ గ్రహించినాడు.

గ్రహించి ఊరుకొనలేదు, లెక్క కట్టినాడు. 1941 అక్టోబరులో బ్రిటిష్ వైద్య పత్రికలో ఆయన వ్రాసిన వ్యాసం ఇటువంటి విషయాలలో మొదటిది. యుద్ధం మొదలైన 21 నెలలలో బ్రిటనులో మోటారు సైకిళ్ల మీద పోతూ 2,279 మంది మరణించినారని, వారి మరణానికి ముఖ్యకారణం తలగాయమేనని చూపినాడు. శిరస్త్రాణం ధరించి పడినవారు తన చేతికి ఏడుగురే వచ్చినారనీ, ఏడుగురూ బ్రతికినారనీ చెప్పినాడు. ఏడు చాల చిన్న సంఖ్య. కెయిర్న్సుకు అది తెలియకపోలేదు. అయినను అదే సంవత్సరం నవంబరులో సైన్యం తన మోటారు సైకిలు భటులకందరికీ శిరస్త్రాణం తప్పనిసరి చేసినది. 1946లో ఆయన మరొక వ్యాసం వ్రాసి, ఆ ఉత్తరువు తరువాత మరణాలు తగ్గిన తీరును నెలల వారీగా చూపినాడు. 1952లో ఆయన పోయినాడు. బ్రిటనులో ప్రజలందరికీ శిరస్త్రాణం తప్పనిసరి అయినది 1973లో. ఒక వైద్యుని లెక్కకూ ఒక దేశపు చట్టానికీ మధ్య ముప్పది రెండేండ్లు గడచినవి. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం మాత్రం 1961లోనే ఆ పని చేసినది.

ఆ యుద్ధానికీ మన నెల్లూరుకూ ఒక చుట్టరికం ఉన్నది. గూడూరు, సైదాపురం, కలిచేడు ప్రాంతాల భూమిలో దొరికే అభ్రకం ఆనాడు బంగారంతో సమానంగా చూడబడినది. వాల్వు రేడియో పెట్టెలలో, సైన్యపు నిస్తంత్రి యంత్రాలలో విద్యుత్తును అడ్డుకొనే పలుచని రేకులు అభ్రకానివే. పాత రేడియో పెట్టె వెనుక అట్ట ఊడదీసి చూచిన శ్రోతలు ఎవరైనా ఉంటే గాజు వాల్వులలో ఆ రేకులను చూచియే ఉంటారు. ఆ అభ్రకాన్ని త్రవ్వినవారి తలల మాట వేరు. గని గోడల నుండి రాయి ఊడిపడే ఆ చోట తలపాగాయే చాలకాలం తలకాపు. 1952లో గనుల చట్టం, 1961లో బొగ్గేతర గనుల నిబంధనలు వచ్చినవి. ఆ నిబంధనలలో గనిలో దిగేవాని కాళ్లకు జోడు, తలకు హెల్మెట్టు చేరినవి. తలపాగా మెత్తనే గాని పైచిప్ప లేదు. రాతి మొనను అది ఆపలేదు. గట్టిదీ మెత్తనిదీ రెండూ కావలెనన్న సంగతి గనిలో ఒకవైపు నుండి, బాట మీద మరొకవైపు నుండి తెలిసినది.

ఇక ఆ రెండింటి పొత్తు ఎట్లా పనిచేస్తుందో చూద్దాము. ఒక కొబ్బరికాయను ఇసుక మీద వేయండి, దొర్లిపోతుంది. అదే ఎత్తు నుండి గుడి మెట్టు మీద వేయండి, పగులుతుంది. కాయ వేగం రెండు చోట్లా ఒకటే. తేడా ఆగడానికి పట్టిన కాలంలో ఉన్నది. ఇసుక కొంచెం లోపలికి దిగి, కాయకు ఆగడానికి వ్యవధి ఇచ్చినది. రాయి ఆ వ్యవధి ఇవ్వలేదు. తల కూడ అంతే. అందులోను పుర్రె ఆగిన క్షణాన మెదడు ఆగదు. అది ముందుకు పోయి గోడకు కొట్టుకొంటుంది, మెలితిరుగుతుంది. కెయిర్న్సుతో పనిచేసిన హోల్‌బర్న్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు జెలటిన్‌తో మెదడు నమూనాలు చేసి, ఈ మెలిత్రిప్పుడే ఎక్కువ హాని చేస్తుందని 1943లో వాదించినాడు. పుర్రె చిట్లకపోయినా మనిషి స్పృహ తప్పడానికి కారణం అదే.

1953లో అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రోత్, లొంబార్డు అనే ఇద్దరు పొందిన పేటెంటుతో ఈనాటి హెల్మెట్టుకు రూపం వచ్చినది. దెబ్బను పైచిప్ప వెడల్పుగా పంచుతుంది. దాని లోపలి నురుగు పొర నలిగిపోతూ తలకు కొంత కాలం సంపాదించి పెడుతుంది. పొర మందం అంగుళమో అంగుళమున్నరో. తలకు దొరికే ఇసుక నేల అంతే. ఆ పొర ఒకసారి నలిగితే తిరిగి లేవదు. కావున గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి ఎంత చక్కగా కనబడినా దాని పని ముగిసినట్లే. అదే విధంగా, బాట ప్రక్కన త్రాళ్లకు వ్రేలాడదీసి అమ్మే అగ్గువ టోపీలలో లోపలి నురుగు లేనివి ఉంటాయి. అవి పోలీసువానికి చూపడానికే పనికివస్తాయి. మన ప్రమాణాల సంస్థ ఐ.యస్. 4151 అనే సంఖ్యతో హెల్మెట్టుకు కొలతలు, పరీక్షలు నిర్ణయించినది. 2021 జూను నుండి ఆ గుర్తు లేని ద్విచక్ర వాహనపు హెల్మెట్టును చేయడం, అమ్మడం నేరం.

మన తీరానికి మోటారు సైకిలు పొరుగు నుండే వచ్చినది. 1955లో మద్రాసు శివారు తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డు కర్మాగారం వెలసినది. అది ఈ సముద్రపు ఒడ్డునే ఉన్నది. మొదట ఆ బండి సైన్యానిది, పోలీసుది, కలిగినవారిది. స్కూటరు కొరకు ఏండ్ల తరబడి ఎదురుచూచిన కాలం ఒకటి నడచినది. 1980 తరువాత హోసూరు నుండి టి.వి.యస్. మోపెడ్ వచ్చిన పిమ్మట బీదవాని పనికి కూడ యంత్రం దొరికినది. పాల బిందెలు, అరటిగెలలు, గడ్డిమోపులు దాని మీదికి ఎక్కినవి. చేపల గంప కూడ తల మీది నుండి దిగి బండి వెనుకకు చేరినది. దీనిని చిన్న మేలుగా తలచకూడదు. ఎన్నో మెడలు వంగిపోకుండ నిలిచినవి. కాని బరువు దిగిన తల మీద చుట్టకుదురు కూడ లేకుండ పోయినది. కల్నల్ లారెన్సు తల వలె గాలికి బయటపడినది.

తడ నుండి సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు మీదుగా కావలి దాకా పాత నెల్లూరు జిల్లాను నిలువునా చీల్చుకొని పోయే మద్రాసు - కలకత్తా బాట ఈ కథలో రెండవ పాత్ర. ఎడ్లబండ్లు నడచిన ఆ బాట అయిదవ నంబరు జాతీయ రహదారి అయి, తరువాత పదునారవ నంబరై, నాలుగు వరుసలుగా విశాలమైనది. బాట వెడల్పయిన కొలది ఊరికీ పొలానికీ మధ్య దానిని దాటవలసిన మోపెడ్ మనిషికి అపాయం పెరిగినది. లారీ వేగం బాటతోబాటు పెరిగినది. మోపెడ్ తల మాత్రం అదే తల.

చట్టం మాట. 1977లోనే మోటారు వాహనాల చట్టంలో తలకాపును గురించిన సెక్షను చేర్చబడినది. మన రాష్ట్రపు నియమావళిలో 498-ఎ అనే నియమం వచ్చి హైదరాబాదులో అమలు మొదలుకాగా, ఆ నగరవాసి ఒకరు ఇది తన స్వేచ్ఛా సంచారపు హక్కుకు భంగమని సుప్రీం కోర్టుకెక్కినాడు. ఆయన వాదం వినదగనిదేమీ కాదు. నా తల నాది, పగిలినా నాదే; దొరతనానికి నడుమ ఏమి పని? 1988లో న్యాయస్థానం ఆ వాదాన్ని త్రోసివేసినది. ఈ నియమం ప్రాణాన్ని కాపాడడానికి ఏర్పడినదనీ, సంచారాన్ని అడ్డగించడానికి కాదనీ తేల్చినది. బ్రిటనులోను అమెరికాలోను ఇదే తగవు నడచినది. 1976లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఒత్తిడి సడలించగానే ఎన్నో రాష్ట్రాలు తమ చట్టాలను తామే చింపివేసుకొన్నవి. నా మట్టుకు నాకు హైదరాబాదు వాసి వాదంలో లోపమొకటే కనబడుతుంది: తల అతనిదే గాని, అది పగిలిన తరువాత మంచం ప్రక్కన కూర్చునేవారు వేరు.

1988 నాటి కొత్త చట్టపు 129వ సెక్షను బండి నడిపేవానినే గాక వెనుక కూర్చున్నవారిని కూడ హెల్మెట్టు ధరించవలెనన్నది. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు ఇచ్చినది. పట్టీ బిగించవలెనని కూడ అందులోనే ఉన్నది. పట్టీ బిగించని హెల్మెట్టు మనిషికంటె ముందు నేలకు చేరుతుంది. 2019 సవరణ జరిమానాను వేయి రూపాయలు చేసినది. ఇన్ని వచ్చినను మన రాష్ట్రంలో అమలు పౌర్ణమి పోటు వలె వచ్చి పోతూనే ఉన్నది. 2024లో రాష్ట్ర హైకోర్టు ఈ విషయమై ప్రభుత్వాన్ని నిలదీయవలసి వచ్చినది.

ఎదురుమాటలలో రెండింటికి బదులు చెప్పవలెను. హెల్మెట్టు తలను కాచినా దాని బరువు మెడను విరుస్తుందన్నది ఒకటి. గంప మోసిన దేశంలో ఇది వెంటనే నమ్మదగినట్లు కనబడే మాట. అమెరికాలో నలభై వేలకు పైగా మోటారు సైకిలు ప్రమాదాలను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితం దీనికి విరుద్ధంగా ఉన్నది: హెల్మెట్టు ధరించినవారిలో మెడ ఎముకల గాయాలు 22 శాతం తక్కువగానే కనబడినవి. అంతకు ముందు 2008లో ప్రపంచపు పరిశోధనలను 61 సమీకరించి చూచినవారు, హెల్మెట్టు మరణాన్ని 42 శాతం, తలగాయాన్ని 69 శాతం తగ్గిస్తుందని తేల్చినారు. రెండవ మాట, దగ్గరికే గదా అన్నది. చెరువుగట్టు దాకా, సంత దాకా, పిల్లవాని బడి దాకా. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకు సుమారు అయిదడుగుల ఎత్తున ఉంటుంది. బండి కదలకుండ నిలిచి ప్రక్కకు ఒరిగిపడినా, ఆ తల నేలను తాకేటప్పటికి గంటకు ఇరువది కిలోమీటర్ల వేగం అందుకొంటుంది. ప్రయాణం ఎంత దూరమన్నది నేలకు తెలియదు.

ఉక్కబోత అన్న మూడవ మాట ఉన్నది. వేసవిలో నెల్లూరు ఎండ ఎరిగినవారెవ్వరూ దానిని త్రోసివేయలేరు. లోపల పలుచని నూలుగుడ్డ చుట్టుకొనడం, గాలి రంధ్రాలున్న హెల్మెట్టు ఎన్నుకొనడం తప్ప దానికి నాకు తెలిసిన మందు లేదు. శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్టు ఎగిరిన నాటి నుండి అక్కడి ఎత్తయిన కట్టడాల మీద పనిచేసేవారు, 2008లో తెరచుకొన్న కృష్ణపట్నం రేవులో క్రేనుల క్రింద తిరిగేవారు ఇదే ఎండలో, ఇదే చెమటలో తలకాపు పెట్టుకొనే పనిచేస్తున్నారు.

కేంద్ర రవాణా శాఖవారి లెక్కల ప్రకారం 2022లో దేశంలో బాటల మీద 1,68,491 మంది మరణించినారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల వారు. ప్రమాద సమయంలో హెల్మెట్టు లేక మరణించినవారు 50,029. వీరందరూ హెల్మెట్టు ఉంటే బ్రతికేవారని అనరాదు. కాని ఆ 50,029లో 14,337 మంది వెనుక కూర్చున్నవారన్న సంగతి మీద కొంచెం ఆగవలసి ఉన్నది. మన ప్రాంతాలలో ఇంటి యజమాని హెల్మెట్టు పెట్టుకొని, వెనుక ప్రక్కవాటుగా భార్యను, ముందు ట్యాంకు మీద బిడ్డను కూర్చుండబెట్టుకొని పోవడం ఏ సాయంకాలమైనా కనబడే దృశ్యం. ముగ్గురిలో పట్టు దొరికినవాడు ఒక్కడే. కాపు ఉన్నవాడూ అతడే.

2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మరొక నిబంధన ప్రకటించినది. తొమ్మిది నెలల నుండి నాలుగేండ్ల లోపు బిడ్డను బండి మీద తీసికొని పోతే, ఆ బిడ్డను నడిపేవానికి కట్టి ఉంచే పట్టీ ఉండవలెను, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు, బిడ్డ తలకు సరిపోయే హెల్మెట్టు ఉండవలెను. ఏడాది గడువిచ్చి 2023 నుండి అది అమలులోకి వచ్చినది. తండ్రి హెల్మెట్టు బిడ్డకు పెట్టడం దానికి బదులు కాదు. వదులుగా ఉన్నది ఊడిపోతుంది, ఊడకపోతే ఆ చిన్న మెడను తన బరువుతో లాగుతుంది.